ఏడు సీసాల నూతి నీళ్ళు

నాకు కుదురు తక్కువ. రేపు ప్రయాణమంటే ఇవాళే చెప్పులేసుకుని గుమ్మంలో తిరుగుతానని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. ఈసారి మాత్రం వారం ముందునుంచే తిరిగాను. దానికి కారణం ఒక ఫోను.

"మాస్టారూ, బావున్నారా అండీ? నేనండి, రత్నకుమారిని. మీ పెట్టె పట్టుకుని ఓసారి మా ఊరు రాగలరా అండీ?"

తొంభైల్లో నేను అమలాపురంలో ఫిజిక్సు లెక్చరరుగా ఉన్నప్పుడు రత్నకుమారి నా దగ్గర బియ్యెస్సీ చదివింది. తరవాత నాకు విజయవాడ బదిలీ అయింది, ఆవిడ అల్లవరం మండలంలో సైన్సు టీచరయింది. భర్త మస్కట్‌లో ఉంటాడు. అత్తగారితో పేటలో ఉంటోంది. ఆ పేటకంతటికీ నీళ్ళ నుయ్యి ఒక్కటే. రెండేళ్ళ కిందట నూతికి పడమటి పక్క వరిచేను తవ్వి, ఉప్పునీళ్ళు పెట్టే రొయ్యల చెరువు వేశారు. ఇప్పుడు తూర్పు పక్క ఇంకోటి వేస్తామంటున్నారు. మాకేమీ అభ్యంతరం లేదని పేటవాళ్ళు కాగితం మీద సంతకాలు పెట్టాలట. శనివారం సాయంత్రం అయిదింటికి కాగితం పట్టుకుని వస్తారట.

"నుయ్యి ఉప్పెక్కిపోయిందండి. నాలిక్కి తెలుస్తోంది. కానీ నాలిక మాట ఎవరు వింటారండీ? ఓ అంకె చూపించాలి" అంది.

పెట్టె అంటే నేను సొంతంగా కట్టుకున్న మీటరు. నీళ్ళలో లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పుందో చూపిస్తుంది. పాత టార్చి సెల్లులు పగలగొట్టి తీసిన రెండు కార్బను కడ్డీలు ఒక ఖాళీ ఫిల్ము డబ్బాలో బిగించాను. నీళ్ళలో ఉప్పు పెరిగితే కడ్డీల మధ్య కరెంటు ఎక్కువ పారుతుంది, అంతే సంగతి. దాన్ని అంకెగా మార్చడానికి పేకముక్కల కట్టంత బోర్డు ఒకటి. ఆ బోర్డు బొమ్మా, అందులో నడిచే ప్రోగ్రామూ ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టారు. కాపీ చేసుకోండి, మార్చుకోండి, మార్చింది నలుగురికీ చెప్పండి అని రాసి మరీ పెట్టారు. అది చదివిన రోజు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయంటే నమ్మండి. నా ఉద్యోగమంతా పరికరాలు బీరువాలో, తాళంచెవి హెడ్డు దగ్గర. పిల్లలు అద్దంలోంచి చూసి పరీక్షలో బొమ్మ గీసేవాళ్ళు. విప్పితే గ్యారంటీ పోతుందనేవారు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మీటరు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక సీసా కూడా పెట్టెలోనే ఉంటుంది. బంగారం కొట్లో గ్రాము ఉప్పు తూయించి లీటరు డిస్టిల్డు వాటర్లో కలిపాను. అందులో ముంచితే వెయ్యి దరిదాపుల్లో చూపించాలి.

"ఒక్క రోజు అంకెని ఎవరూ లెక్కచెయ్యరమ్మా. ఈ ఏడు రోజులూ రోజుకో సీసా పట్టి, తేదీ రాసి ఉంచు" అన్నాను రత్నకుమారితో.

"ఆయ్. పొద్దున్నే నాకు స్కూలుంటుంది కదండీ, అత్తగారు పట్టి ఉంచుతారండి" అంది.

శనివారం పొద్దున్న అయిదూ నలభైకి నర్సాపురం పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు ముప్ఫై రూపాయల లోపే. కిటికీ పక్కనే సీటు దొరికింది కానీ ఏం లాభం, గుడివాడ దాటకముందే మూడుసార్లు పెట్టె తెరిచి చూశాను. ఎదురుగా కూచున్న పెద్దాయన వైర్లు చూసి కాళ్ళు పైకి ముడుచుకున్నాడు.

"ఏమీ అనుకోకండి, అది పేలేదేం కాదు కదా?"

నీళ్ళు చూసే మీటరని చెప్పాను. తప్పు చేశాను. ఆయన వెంటనే సంచీలోంచి సీసా తీసి మూత విప్పాడు. "మాది భీమవరం అవతలండి. మా నీళ్ళు చూడండి, కొబ్బరి నీళ్ళలా ఉంటాయి." చూశాను. మూడు వందల నలభై. పక్కనున్న పాలకొల్లావిడ తన సీసా ఇచ్చింది. రెండు వందల పది వచ్చింది. ఆవిడ పెద్దాయన వంక చూసిన చూపు చూడాలి. ఆయన మొహం మాడిపోయింది. "ఇది పాత సీసా లెండి, నిన్న ఎక్కడో పట్టేం" అని తనే సర్దుకున్నాడు. తమ ఊరి నీళ్ళు బాగోలేదంటే మనిషికి ఇంత చిన్నతనంగా ఉంటుందని నాకప్పుడే తట్టాల్సింది. తట్టలేదు.

పదిన్నరకి నర్సాపురంలో దిగాను. రిక్షా చేసుకుని రేవుకి వెళ్ళాను. అవతల సఖినేటిపల్లి. పంటు మీద బళ్ళూ, సైకిళ్ళూ, గడ్డిమోపులూ, మనుషులూ అన్నీ కలిసే దాటుతాయి. ఎండాకాలం వెళ్ళేవాళ్ళు గొడుగు మరిచిపోవద్దు, పంటు మీద నీడ ఉండదు. నడి గోదావరిలో కుతూహలం ఆగక వంగి డబ్బా ముంచాను. ఆరు వేలు దాటింది. నాకు కంగారు పుట్టింది. గోదావరేమిటి, ఆరు వేలేమిటి!

టిక్కెట్లు కోస్తున్నతను నా భుజం మీంచి తొంగి చూశాడు. "పోటు మీదుందండి. సముద్రం నీళ్ళు ఎగదన్నుకొస్తాయి. సాయంత్రం పాటు తీసేక చూడండి, తగ్గిపోద్ది."

"నీకెలా తెలుసయ్యా?"

"మొహం కడుక్కుంటే తెలవదాండీ!" అన్నాడు నవ్వేసి.

వాడి మొహానికి తెలిసిందే నా పెట్టెకీ తెలిసిందని ప్రాణం కుదుటపడింది. అదీ ఎంతసేపు, సఖినేటిపల్లి గట్టెక్కే దాకా.

రాజోలు బస్సు దొరికేసరికి పదకొండున్నర దాటింది. రాజోల్లో దిగి బస్టాండు ఎదురుగా ఉన్న మెస్సులో భోంచేశాను. పనసపొట్టు కూర, చేపల పులుసు, గడ్డపెరుగు, అన్నీ కలిపి ముప్ఫై అయిదు రూపాయలు. వడ్డించే ఆయన "మాస్టారు ఏం తిన్లేదండి, ఇంకాస్త పెట్టించుకోవాలి" అని ఆకు ముందు నిలబడిపోయాడు. నాకేమో గడియారం మీదే ధ్యాస. ఒకటింబావుకి అమలాపురం బస్సెక్కాను. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో బోడసకుర్రు దగ్గర పంటు కోసం గంటలు పడిగాపులు పడేవాళ్ళం. ఇప్పుడు వంతెన మీద రెండు నిమిషాల్లో దాటేశాం. ఆ రోడ్డు మాత్రం పాతదే. వెనక సీట్లో గంటన్నర సేపు ఎగిరెగిరి పడ్డాను. నాతోపాటు పెట్టె కూడా.

అమలాపురంలో దిగి మూడింటికి మీట నొక్కితే అంకె లేదు.

బస్టాండు దగ్గర ఒక టీవీ, రేడియో రిపేరు కొట్టు కనిపించింది. కొట్టాయనకి నలభై ఏళ్ళుంటాయి. పెట్టె విప్పి చూసి, "కడ్డీ దగ్గర అతుకు ఊడిందండి. బస్సు ఊపుకి" అన్నాడు. రెండు నిమిషాల్లో అతికేశాడు. పెట్టె తిరిగి ఇవ్వకుండా అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. 

"ఇది ఏ కంపెనీదండీ?"

"కంపెనీ లేదు, నేనే కట్టాను. బొమ్మ ఎవరిదో. ఎవరైనా కట్టుకోవచ్చు."

"ఎవరైనానా? కేసులూ గట్రా ఉండవా అండీ?"

"గీసినవాళ్ళే కాపీ చేసుకోమన్నారు."

ఆయన గోడ మీది కేలండరు కాయితం చింపి వెనక్కి తిప్పాడు. నేను గీస్తుంటే ఆయన మధ్యమధ్య ప్రశ్నలు వేశాడు. నా క్లాసులో ఎవరూ అన్ని మంచి ప్రశ్నలు వెయ్యలేదు. "కడ్డీల్లో కరెంటు ఒకేవైపు పారితే మెత్తబడిపోవాండీ?" అన్నాడు. మెత్తబడవు గాని అంకె జారిపోతుందని, అందుకే ప్రోగ్రాము కరెంటుని అటూ ఇటూ తిప్పుతుందని చెప్పాను. డబ్బిస్తే తీసుకోలేదు. "బొమ్మ ఇచ్చేరు కదండీ" అన్నాడు. అదంతా అయ్యేసరికి నాలుగు. షేరాటో నిండేసరికి నాలుగున్నర. నాకు ముళ్ళ మీద కూచున్నట్టుంది. "ఇంకిద్దరు రావాలండి" అంటాడు ఆటో అతను. ఆ ఇద్దరి డబ్బులు నేనే ఇస్తాను పదవయ్యా అన్నాను.

పేటకి చేరేసరికి అయిదూ పది. చర్చి ముందు వరండాలో పాతికమంది కూచున్నారు. బెంచీ మీద తెల్ల చొక్కా, భుజాన తువ్వాలుతో ఉన్నాయన సత్తిబాబు, చెరువుల ఆసామి. కాగితం, ఇంకుపెట్టె కూడా తెచ్చుకున్నాడు. నన్ను చూసి లేచి, "రండి రండి, ఎండలో వచ్చేరు" అని బెంచీ మీద చోటిచ్చాడు. మర్యాదలో మాత్రం లోటు లేదు. రత్నకుమారి అత్తగారు ఎస్తేరమ్మగారు బొండాం కొట్టి చేతికిచ్చారు. బల్ల మీద ఏడు సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికీ తేదీ రాసిన కాగితం అంటించి.

"ఇవి మా నూతి నీళ్ళండి. ఏడు రోజులవి. మా మాస్టారు అందరి ముందరా చూస్తారు" అంది రత్నకుమారి.

మొదటి సీసాలో ముంచాను. అరవై రెండు.

రెండోది అరవై నాలుగు. మూడోది అరవై ఒకటి. ఏడోదాకా అంతే. సత్తిబాబు మెడ సాచి చూస్తూ, "ఎంత వరకూ ఉండొచ్చండీ మంచినీళ్ళు?" అని అడిగాడు. అయిదొందల దాకా బేషుగ్గా తాగొచ్చని చెప్పక తప్పలేదు. "మరింకేం! మా ఇంట్లో కూడా ఇలాంటి నీళ్ళు లేవండి" అన్నాడు. అందరూ రత్నకుమారి వంక చూశారు. ఆవిడ నా వంక చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నం వేయించిన అతుకు మీదే నా అనుమానమంతా. ఒకప్పటి విద్యార్థిని నన్ను నమ్మి ఊరినంతా పిలిస్తే, టార్చి సెల్లు ముక్కలు పట్టుకొచ్చి పరువు తీశాను కదా అనిపించింది.

నా ఉప్పు సీసా తీసి ముంచాను. తొమ్మిదొందల ఎనభై. మళ్ళీ ముంచాను. తొమ్మిదొందల తొంభై. అతుకు బాగానే ఉంది, పెట్టె బాగానే ఉంది. సముద్రానికింత దగ్గర ఏ నుయ్యీ అరవై చూపించదు. అంటే నీళ్ళే వేరు.

"అమ్మా, ఈ సీసాలు ఎవరు పట్టేరు?" అన్నాను.

"నేనేనండి" అన్నారు ఎస్తేరమ్మగారు.

"నూతిలోంచేనా?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "అత్తయ్యా" అంది రత్నకుమారి. అప్పుడు చెప్పారు.

"పెద్దమనిషి బెజవాడ నుంచి వస్తున్నారు, మన నీళ్ళు చూస్తారు అన్నావు. చూట్టవంటే తాగి చూస్తారనుకున్నానమ్మా. ఇంటికొచ్చినాయనకి ఆ ఉప్పునీళ్ళు చేతికెలా ఇస్తాను? అందుకని చుట్టాలొస్తే కొనే టిన్ను నీళ్ళు పోసేను. ఏడు సీసాలూ శుభ్రంగా కడిగి మరీ పోసేనండి."

ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. వారం రోజుల సాక్ష్యం మర్యాద కోసం పారబోశారు. లేచి, "బకెట్టు తెండి" అన్నాను. "సత్తిబాబుగారూ, మీరే తోడండి."

ఆయన కాదనలేదు. అందరం నూతి దగ్గరికి నడిచాం. పడమటి గట్టు మీద చెరువు మోటార్లు గిర్రున తిరుగుతున్నాయి, అవతల గట్టున సత్తిబాబు ఇల్లు. పంచె ఎగ్గట్టి ఆయనే చేద వేసి తోడాడు. డబ్బా ముంచాను. రెండు వేల తొమ్మిదొందలు. రత్నకుమారి ఆ అంకెని గట్టిగా చదివింది. రెండోసారి ఇంకా గట్టిగా చదివింది.

"సముద్రం పక్కన నుయ్యి. ఉప్పుండక పంచదారుంటుందాండీ?" అన్నాడు సత్తిబాబు. "ఇదెప్పుడూ ఇంతే. నా చెరువు వల్లనని ఈ పెట్టె చెబుతోందా మాస్టారూ, నిజం చెప్పండి."

అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. ఔననెయ్యాలని ఎంత అనిపించిందో! కానీ అది అబద్ధం.

"చెప్పదండి. ఉప్పుందని చెబుతుంది, ఎవరివల్లో చెప్పదు. రోజూ చూస్తే పెరుగుతోందో లేదో చెబుతుంది. మీరు చెరువుకి నీళ్ళు పెట్టిన రోజూ, తీసిన రోజూ పక్కన రాసుకుంటే అప్పుడేమైనా చెప్పొచ్చు."

రత్నకుమారి మొహం వాడిపోయింది. నాకు ఆవిడ వంక చూడ్డానికి ధైర్యం చాల్లేదు. చివరికి ఆవిడే అంది, "అయితే రోజూ చూద్దామండి. నెల రోజులు. ఏడింటికి, రెండు వైపులవాళ్ళూ ఉండగా. పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. అందాకా ఈ కాగితం మీద ఎవరం పెట్టం." పేటవాళ్ళు ఔనౌనన్నారు. సత్తిబాబు తువ్వాలు సర్దుకుని, "పెరగలేదనుకోండి, అప్పుడు పెట్టాలి మరి" అన్నాడు. "ఆయ్, పెడతాం" అంది రత్నకుమారి.

రోజూ చూడాలంటే పెట్టె ఇక్కడ ఉండాలి. ఆ సంగతి నాకు ఒక్క క్షణం ఆలస్యంగా వెలిగింది. రెండు నెలలు కూచుని కట్టుకున్నది, నాకు ఉన్నది అదొక్కటే. ఇవ్వబుద్ధి కాలేదు, నిజమే చెబుతున్నాను. కానీ బొమ్మ ఊరికే ఇచ్చినవాళ్ళు గుర్తొచ్చారు. పాడైతే అమలాపురంలో ఫలానా కొట్టుకి తీసుకెళ్ళు, ఆయన దగ్గర దీని బొమ్మ ఉంది అని చెప్పి ఇచ్చేశాను.

రత్నకుమారి వాళ్ళ అరుగు మీద నవారు మంచం వేశారు. దోమతెర కూడా కట్టారు గాని నిద్ర సరిగ్గా పట్టలేదు. అయిదింటికే లేచాను. ఎస్తేరమ్మగారు టిన్ను నీళ్ళతో కాఫీ కాచి ఇచ్చారు. రాత్రి నుంచీ ఆవిడ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

"నూతి నీళ్ళు ఓ గ్లాసు ఇవ్వండమ్మా" అన్నాను.

"అయ్యో, ఆ నీళ్ళు మీకెలా ఇస్తానండీ!"

"మీరు తాగట్లేదా రోజూ? టిన్ను చుట్టాలకే కదా తెప్పిస్తారు."

లోపలికెళ్ళి తెచ్చారు. ఇచ్చి మొహం పక్కకి తిప్పుకున్నారు. గ్లాసంతా తాగాను. మొదటి గుక్కకే నాలిక ముడుచుకుపోయింది. ఈ నీళ్ళతోనే అన్నం వండుకుంటున్నారా అనుకున్నాను.

అయిదూ ముప్పావు ఆటోకి అమలాపురం, అక్కణ్ణుంచి రావులపాలెం బస్సు. ఒళ్ళో చెయ్యి పెట్టుకుంటే పెట్టె తగల్లేదు. బస్సులో మూడుసార్లు ఉలిక్కిపడి సీటు కింద వెతుక్కున్నాను. పక్కనాయన "ఏదైనా పోయిందాండీ?" అని అడిగాడు కూడా. ఏడు కావస్తున్న కొద్దీ నా కాలు నిలవలేదు. సత్తిబాబు వస్తాడా? రాకపోతే పుస్తకానికి విలువేముంది? కొత్తపేటలో బస్సు ఆగింది, పెసరట్టు తినమని కండక్టరు పది నిమిషాలిచ్చాడు. నేను దిగి ఫోను పట్టుకుని చెట్టు నీడలో అటూ ఇటూ తిరిగాను. ఏడూ ఇరవైకి మోగింది.

"మాస్టారూ, మూడు వేల అరవై అండి. అత్తగారే తోడేరు. మీరు తాగేరు కదా, ఇంక నాకు సిగ్గేంటన్నారండి."

"సత్తిబాబుగారు వచ్చేరా?"

"వచ్చేరండి. తువ్వాల్లో చుట్టి ఓ సీసా తెచ్చేరు. ఇవి కూడా చూడమ్మా అన్నారు. ఎక్కడివండీ అంటే, మా పెరటి నూతివి అన్నారు."

"ఎంతొచ్చింది?"

"రెండు వేల ఏడొందలండి. చెరువు తవ్వకముందు ఆ నూతి నీళ్ళతోనే వాళ్ళింట్లో పప్పు ఉడికేదంట."

"అప్పుడేం చేశారు?"

"అత్తగారు టిన్ను నీళ్ళిస్తే తాగేరు. తరవాత పుస్తకం తీసుకుని, మా నూతి అంకె కింద వాళ్ళ నూతి అంకె ఆయనే రాసి సంతకం పెట్టేరండి. రేపు కూడా ఏడింటికి వస్తానన్నారు."

బస్సు హారను కొట్టింది, ఎక్కాను. పెసరట్టు సంగతి మరిచేపోయాను. కోనసీమలో నేను ఈసారి చూసింది ఒక నుయ్యీ, రిపేరు కొట్టూ, నీళ్ళ గురించి సిగ్గుపడే మనుషులూ, అంతే. రావులపాలెంలో దిగేసరికి కూడా నోట్లో ఆ ఉప్పు పోలేదు. విజయవాడ బస్సుకి ఇంకా అరగంట ఉంది. ఎదురుగా బడ్డీ కొట్టుకి వెళ్ళి నాలుగు టార్చి సెల్లులు అడిగాను.

"టార్చి ఏదండీ? వేసి చూసి ఇస్తాను" అన్నాడు కొట్టతను.

టార్చి లేదు, కడ్డీల కోసం, నూతులు రెండయ్యాయని చెప్పి సెల్లులు జేబులో వేసుకున్నాను.